పిల్ల వయసెంత?

కోడిపిల్లకు జబ్బు చేస్తే చెప్పుకోవడానికి దానికి ఉన్న సంజ్ఞలు చాలా కొద్ది. కళ్లు మూస్తుంది. రెక్కలు జారవిడుస్తుంది. నూగు ఉబ్బించుకుని, మెడ ఒంట్లోకి లాక్కుని, ఓ మూల నిలబడి తూగుతుంది. చలికి బిగుసుకున్న పిల్ల ఎలా తూగుతుందో బొడ్డు చీము పట్టిన పిల్లా అలాగే తూగుతుంది. కొక్కెర తెగులు తగిలినదీ అంతే, పేగుల్లో రక్తం పోతున్నదీ అంతే. "మా పిల్లలు తూగుతున్నాయండీ" అని ఎవరైనా వచ్చి చెబితే పశువైద్యుడికి తెలిసేది ఒక్కటే: ఏదో జరిగింది. ఏం జరిగిందన్నది ఆ తూగులో ఉండదు.

ఉండకపోవడానికి కారణముంది. తూగడం రోగక్రిమి చేసే పని కాదు, పిల్ల ఒళ్లు తనంతట తాను తీసుకునే జాగ్రత్త. ఏ క్రిమి లోపలికి వచ్చినా రక్షణ కణాలు కొన్ని ప్రోటీన్లను వదులుతాయి. వాటి కబురు మెదడుకు అందగానే ఆకలి తగ్గుతుంది, కదలిక మందగిస్తుంది, నిద్ర ముంచుకొస్తుంది. అలా మిగిలిన శక్తి జ్వరానికీ, క్రిమితో పోరుకూ ఖర్చవుతుంది. జబ్బు చేసిన జంతువు మందకొడితనం ఒట్టి నీరసం కాదని, పరిణామక్రమంలో నిలదొక్కుకున్న ఎత్తుగడ అని అమెరికా పశువైద్య శాస్త్రవేత్త బెంజమిన్ హార్ట్ 1988లో వాదించాడు. శత్రువు ఎవరైనా ఎత్తుగడ ఒకటే కాబట్టి పైకి కనిపించే రూపమూ ఒకటే.

పైగా కోడిపిల్ల గద్దకూ పిల్లికీ ముంగిసకూ ఆహారం. గుంపులో ఏది వెనకబడిందో వేటాడే కన్ను ముందు దాన్నే పడుతుంది. అందుకని నిలబడగలిగినంతసేపు మిగతావాటితో కలిసి నేల పొడుస్తూ, తింటున్నట్టే కనిపిస్తుంది. తూగు బయటపడేసరికి జబ్బు సగం దూరం నడిచేసి ఉంటుంది.

అనుభవమున్న పశువైద్యుడు పిల్లను చేతిలోకి తీసుకోకముందే "ఎన్నో రోజు పిల్లలు?" అని అడిగేది ఇందుకే. కోడిపిల్లల జబ్బులు చాలావరకు తేదీలు చూసుకుని వస్తాయి. ఆ తేదీలు ఊరికే కుదిరినవి కావు. ఒక్కో తేదీ వెనక పిల్ల ఒంట్లోనో, అది నిలబడ్డ ఊకలోనో జరుగుతున్న మార్పు ఒకటి ఉంటుంది.

అయితే జబ్బుల దాకా వెళ్లేముందు గుంపును చూడటం రావాలి. షెడ్డులోకి వెళ్లగానే పిల్లల్ని తరిమి పట్టుకునేవాళ్లకు ఏమీ కనిపించదు. తలుపు దగ్గరే కాసేపు కదలకుండా నిలబడాలి. పుట్టిన పిల్ల ఒంటి వేడి పెద్దకోడి కన్నా ఒకటి రెండు డిగ్రీలు తక్కువ. ఆ వేడిని సొంతంగా నిలుపుకునే శక్తి రెండు మూడు వారాలకు గాని రాదు. తల్లి రెక్కల కింద ఈ లోటు తెలియదు. బల్బు వేడితో నడిచే బ్రూడరులో పెంచేటప్పుడు మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 35 సెల్సియస్ వేడి ఇచ్చి, తర్వాత వారానికి 5 ఫారన్‌హీట్ చొప్పున తగ్గించుకుంటూ పోతారు. థర్మామీటరు తప్పు చూపించినా పిల్లలు చూపించవు. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కి కుప్ప పడితే చలి. బల్బుకు దూరంగా గోడవారకు పోయి, ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుంటే వేడి. అన్నీ ఒకే పక్కకు నెట్టుకుపోతే రెండో పక్కనుంచి ఈదురుగాలి కొడుతోందని. చల్లినట్టు అంతటా పరుచుకుని కొన్ని తింటూ, కొన్ని తాగుతూ, కొన్ని నిద్రపోతూ ఉంటే అంతా బాగున్నట్టు.

చెవికీ పని ఉంది. సుఖంగా ఉన్న గుంపులో సన్నటి కిచకిచలు ఎడతెగకుండా వినిపిస్తుంటాయి. చలేసినా, ఆకలేసినా, గుంపు నుంచి తప్పిపోయినా పిల్ల గొంతు పెంచి, ఒకే స్వరంలో మళ్లీ మళ్లీ అరుస్తుంది. గుంపు అంతా నిశ్శబ్దమైపోవడం అంతకన్నా చెడ్డది.

కొత్తవాళ్లను హడలగొట్టే దృశ్యం ఒకటుంది. పసిపిల్ల నిద్రపోతే ఎక్కడ ఉన్నది అక్కడే బోర్లా పడి, మెడ చాపి, కాళ్లు వెనక్కి విసిరేసి, అచ్చం చచ్చినట్టే పడుకుంటుంది. వేలితో తాకితే ఉలిక్కిపడి లేచి పరుగెడుతుంది. అది జబ్బు కాదు. లేచి నిలబడి, మళ్లీ అక్కడే కళ్లు మూస్తే మాత్రం దాన్ని వేరుచేసి చూడాలి.

చేత్తో చూడాల్సినవి రెండే. మెడ కింద ఛాతీకి కుడివైపున ఉండే మేతసంచిని వేళ్లతో మెల్లగా తడమాలి. పిల్లల్ని తెచ్చిన మర్నాటికి దాదాపు అన్నిటికీ అది నిండి, మెత్తగా జావలా తగలాలి. గట్టిగా ఉంటే మేత దొరికింది గాని నీళ్లు దొరకలేదు. ఖాళీగా ఉంటే రెండూ దొరకలేదు. రెండోది కాళ్లు. పిల్ల పాదాలను మన చెంపకు ఆనించుకుంటే చల్లగా తగిలితే పిల్ల చలికి ఉందని అర్థం, గోడమీద థర్మామీటరు ఏం చెప్పినా సరే. వీటితోపాటు నీళ్ల లెక్క ఒకటి పెట్టుకుంటే మంచిది. పిల్లలు తిన్న మేత బరువుకు సుమారు రెండింతలు నీళ్లు తాగుతాయి. చాలా జబ్బుల్లో తూగు కనిపించేముందే నీళ్ల వాడకం పడిపోతుంది. రోజూ ఎన్ని నీళ్లు పోశామో గోడమీద బొగ్గుతో రాసుకునే రైతుకు జబ్బు కబురు మిగతావాళ్లకన్నా ముందే అందుతుంది.

ఇక మొదటి వారం. గుడ్డులో 21 రోజులు గడిపిన పిల్ల పెంకు పగలగొట్టుకునే ముందు, మిగిలిన పచ్చసొన సంచిని బొడ్డు గుండా కడుపులోకి లాక్కుంటుంది. బయటికొచ్చాక రెండు మూడు రోజులు అదే దాని తిండి. ఒక్కరోజు వయసు పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి రైళ్లలో, బస్సుల్లో ఊళ్లు దాటించగలుగుతున్నది ఈ సొన పుణ్యమే. తిండితోపాటు తల్లికోడి తన రక్తంలోని ప్రతిరక్షకాలనూ ఆ సొనలోనే మూటగట్టి పంపుతుంది. ఆ మూట సంగతి రెండో వారంలో మళ్లీ వస్తుంది.

చిక్కంతా ఆ బొడ్డు దగ్గరే. అది సరిగ్గా మూసుకోకముందే మురికి పెట్టెల్లోని, మురికి చేతుల్లోని బాక్టీరియా లోపలికి దూరిందంటే, వెచ్చటి కడుపులో పచ్చసొనకన్నా మంచి మేత వాటికి ఇంకేం కావాలి? ఎక్కువగా దొరికేది ఇ. కోలి. పొట్ట ఉబ్బి, మెత్తగా, తడిగా అనిపిస్తుంది. బొడ్డు దగ్గర నల్లటి చెక్కో, ఎర్రటి వాపో ఉంటుంది. దుర్వాసన కొడుతుంది. అలాంటి పిల్లలు మొదటి నాలుగైదు రోజుల్లో పోతుంటాయి. వాటిని బతికించడం దాదాపు అసాధ్యం. కాని అవి చెప్పే విషయం ముఖ్యమైనది: తప్పు మన షెడ్డులో కాదు, పొదిగించినచోట జరిగింది. మొదటి వారంలో నూటికి ఒకటి పోవడం మామూలే. అంతకు మించి పోతూ, అన్నిటికీ బొడ్లు మూసుకోకపోతే హేచరీవాళ్లను నిలదీయాల్సిందే.

అదే వారంలో కనిపించే మరో గుర్తు, మలద్వారానికి రెట్ట అంటుకుని గట్టిపడిపోవడం. దారి మూసుకుపోయి పిల్ల చచ్చిపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డతో నానబెట్టి తుడవాలి. పొడిగా పీకితే చర్మం ఊడొస్తుంది. పక్కనే ఉండే బొడ్డు చెక్కును రెట్ట అనుకుని లాగడం ఇంకా ప్రమాదం. ప్రయాణపు అలసటకూ, చలికీ, అతివేడికీ కూడా ఇలా జరుగుతుంది. వేడి సరిచేస్తే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోగా రెట్ట సున్నంలా తెల్లగా ఉండి, రెట్ట వేసేటప్పుడు పిల్ల కీచుమని అరుస్తూ, చావులు రెండో వారంలోకి పెరుగుతూ పోతే అది తెల్లపారుడు.

కోడి రెట్టలో తెలుపు ఉండటమే జబ్బు కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. పక్షులకు మూత్రం వేరుగా రాదు. యూరిక్ ఆమ్లంగా, తెల్లటి టోపీలా రెట్టమీదే వస్తుంది. తెలుపు టోపీ ఆరోగ్యం, మొత్తం తెలుపు అనారోగ్యం.

తెల్లపారుడు కథ జనం అనుకునేదానికి తలకిందులు. 19వ శతాబ్దం చివర్లో శాస్త్రవేత్త లియో రెట్గర్ ఈ జబ్బుకు కారణమైన బాక్టీరియాను పట్టుకునేదాకా, పిల్లల్ని సరిగ్గా పెంచకపోవడంవల్లే చస్తున్నాయని అందరూ అనుకునేవారు. అసలు సంగతి వేరు. చిన్నప్పుడు ఈ జబ్బు చేసి బతికి బయటపడ్డ పెట్ట చూడటానికి నిగనిగలాడుతూ ఉంటుంది గాని బాక్టీరియా దాని అండాశయంలోనే కాపురముంటుంది. అది పెట్టే గుడ్లలో కొన్నిటిలోకి చేరి, పిల్లకు పుట్టుకతోనే సంక్రమిస్తుంది. కాబట్టి వైద్యం పిల్లకు చేసి లాభం లేదు, తల్లిని వెతకాలి. తెల్లటి పలకమీద కోడి రక్తపు చుక్కను రంగు కలిపిన యాంటిజెన్‌తో కలిపితే, జబ్బు మోసే కోడి రక్తం రెండు నిమిషాల్లో గడ్డలు గడ్డలుగా విడిపోతుంది. ఇంత చిన్న పరీక్షను ఆసరా చేసుకునే అమెరికా 1935లో దేశవ్యాప్త పథకం మొదలుపెట్టి, మోసే కోళ్లను ఏరేస్తూ వాణిజ్య మందల నుంచి ఈ జబ్బును దాదాపు తుడిచేసింది. పెరటి కోళ్లలో మాత్రం ఇంకా ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంది.

మొదటి రెండు వారాల్లోనే కొన్ని పిల్లలు మెడ పైకి చాచి, నోరు తెరిచి గాలికి తన్నుకుంటాయి. చెవి దగ్గర పెట్టుకుని వినాలి. గురక లేకుండా, చప్పుడే లేకుండా ఎగపోస్తుంటే ఆస్పర్‌జిల్లస్ అనే బూజును అనుమానించాలి. తడిసి బూజుపట్టిన ఊకో, వేరుశనగ పొట్టో నేలమీద పరిస్తే, పిల్లలు గీరినప్పుడల్లా దాని విత్తనాలు దుమ్ముతో లేచి ఊపిరితిత్తుల్లో మొలుస్తాయి. చీదుతూ, గురకపెడుతూ ఊపిరి తీస్తే దారి వేరు, అది శ్వాసనాళాల జబ్బు. అన్ని పిల్లలూ ఒకేసారి నోళ్లు తెరిస్తే అసలు జబ్బే కాదు, ఎండ. మే నెలలో కోస్తా ఉక్కలో ఈ మూడింటిని కలిపేసుకుని మందులు పోసేవాళ్లు ఎందరో.

సంతల్లో, వీధుల్లో బుట్టల్లో పెట్టి అమ్మే ఎరుపు, ఆకుపచ్చ, ఊదారంగు పిల్లల మాట కూడా ఇక్కడే చెప్పాలి. అవి ఎక్కువగా గుడ్ల కోళ్ల హేచరీల్లో గుడ్లు పెట్టవని పక్కకు తీసేసిన పుంజుపిల్లలు. రంగులో ముంచి, ఆరీ ఆరకముందే ఎండలో తిప్పుతారు. ఇంటికి తెచ్చిన మర్నాడే తూగితే అందులో ఏ రోగక్రిమి పాత్రా లేకపోవచ్చు. చలీ దాహం చాలు. చిన్నారుల ముచ్చట తీర్చే ఈ వ్యాపారం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

తల్లి పంపిన ప్రతిరక్షకాల మూట రెండో వారం నుంచి కరగడం మొదలై, మూడో వారానికి దాదాపు ఖాళీ అవుతుంది. పిల్ల సొంత రక్షణ ఇంకా పూర్తిగా నిలబడని ఆ సందులో వచ్చేది కొక్కెర తెగులు. 1926లో జావాలోనూ ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గరా, మరుసటేడు మన కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లోనూ గుర్తించిన వైరస్ జబ్బు ఇది. ముందు ఊపిరి ఇబ్బంది, ఆకుపచ్చటి నీళ్ల విరేచనాలు. వాటిని తట్టుకుని మిగిలిన పిల్లల్లో కొన్నాళ్లకు మెడ మెలి తిరగడం, గింజను గురిచూసి పక్కన పొడవడం, వెనక్కి నడవడం, కాళ్లు ఈడ్వడం. దీనికి మందు లేదు. ఉన్నది టీకా ఒక్కటే: అయిదో రోజు నుంచి ఏడో రోజులోపు కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క లసోటా. మరీ ముందుగా వేస్తే తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలే టీకా వైరస్‌ను మింగేస్తాయి. ఆలస్యం చేస్తే అసలు వైరస్ ముందుగా వస్తుంది. ఆ రెంటికీ మధ్య పట్టుకున్న ముహూర్తం అది. పెరటి పిల్లలకు ఈ చుక్క పడకపోవడమే ఏటా వేసవిలో గంపలు ఖాళీ కావడానికి పెద్ద కారణం.

కాలు పడిపోయిన ప్రతి పిల్లా కొక్కెర తెగులుది కాదు. పాదాల వేళ్లు లోపలికి ముడుచుకుపోయి, మోకాళ్లలాంటి కీళ్లమీద కూర్చుని పాకుతున్న పిల్ల ముందు గింజలు చల్లి చూడండి. ఆత్రంగా పాక్కుంటూ వచ్చి తిందంటే అది చాలావరకు రైబోఫ్లావిన్ లోపం. జబ్బు క్రిమిదైతే ఆకలి ముందు చస్తుంది. విటమిన్ లోపంలో ఆకలి ఉంటుంది, కాలు ఉండదు. తొలినాళ్లలోనే బి-కాంప్లెక్స్ నీళ్లలో కలిపి ఇస్తే లేచి నడుస్తుంది. నరం బాగా చెడిపోయాక ఇచ్చి ప్రయోజనం ఉండదు. తల వీపుకు ఆనేలా వెనక్కి విరుచుకుని ఆకాశంలోకి చూస్తుంటే మరో విటమిన్, థయమిన్ తక్కువైంది. బటావియాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ 1890ల్లో చూసింది ఇలా కాళ్లు పడిపోయిన కోళ్లనే. సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం వేసినన్నాళ్లూ పడిపోయాయి, కొత్త వంటవాడు సైనికుల అన్నం కోళ్లకు పెట్టనని మొండికేసి తవుడు పోని ముతక బియ్యం వేయించాక లేచాయి. తవుడులో ఏదో ఉందన్న ఆ జాడకే ఆయనకు 1929లో నోబెల్ వచ్చింది. పిల్లలకు నూకలు తప్ప మరేమీ వేయని పెరళ్లలో ఆ పాఠం ఇంకా అవసరమే.

మూడు నుంచి ఆరు వారాల మధ్య రక్తపారుడు. దీని తేదీని చేతివేళ్లమీద లెక్క కట్టవచ్చు. ఐమీరియా అనే ఏకకణ జీవి గుడ్డులాంటి పొరలో చుట్టుకుని రెట్టతో బయట పడుతుంది. అప్పటికప్పుడు అది ఏమీ చేయలేదు. తడి, వెచ్చదనం, గాలి మూడూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో పక్వమై లోపల ఎనిమిది పిల్లజీవులను సిద్ధం చేసుకుంటుంది. మింగిన కోడిపిల్ల పేగు గోడలో అవి వేలల్లోకి పెరిగి, అయిదో రోజుకు గోడను చీల్చుకుని రక్తం కారుస్తాయి. ఏడో రోజుకు కొత్త గుడ్లు బయటికి. మొదటి విడతలో ఎవరికీ ఏమీ తెలియదు. రెండో, మూడో విడతకు ఊకంతా వాటితో నిండిపోతుంది. అది సరిగ్గా మూడో వారం దాటే సమయం. పొడి ఊకలో ఈ లెక్క ముందుకు సాగదు. అందుకే రక్తపారుడు మొదటి గుర్తు కోడిలో కాదు, నీళ్ల తొట్టి చుట్టూ అట్టకట్టిన ఊకలో కనిపిస్తుంది. పిడికిట పట్టి నొక్కితే ముద్దగా నిలిచిందంటే జబ్బు దారిలో ఉన్నట్టే. తర్వాత పిల్లల మొహం, కాళ్లు పాలిపోతాయి, రెట్టలో నెత్తురు పడుతుంది. ఆంప్రోలియం ఆలస్యం చేయకుండా ఇస్తే చాలామటుకు దక్కుతాయి. అయితే ప్రతి ఎనిమిది పది రెట్టలకు ఒకటి చాక్లెట్ రంగులో, జిగటగా, భరించలేని వాసనతో వస్తుంది. అది అంధనాళాల్లో పులిసి వచ్చే మామూలు రెట్ట. దాన్ని చూసి మందు కొనేవాళ్లు తక్కువేం కాదు.

అదే వయసులో వచ్చే గంబోరోకు వేరే గుర్తుంది: పిల్ల తన మలద్వారాన్ని తానే పొడుచుకుంటుంది. వణుకుతుంది, నీళ్లలాంటి తెల్లటి విరేచనాలు అవుతాయి. చావులు మూడు నాలుగు రోజులు ఎగబాకి, వారంలో హఠాత్తుగా ఆగిపోతాయి. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో గంబోరో అనేచోట 1950ల చివర బయటపడింది. ఈ వైరస్ పట్టేది మలద్వారం పైన ఉండే బర్సా అనే చిన్న సంచిని. ఆ సంచి దేనికుందో శతాబ్దాలపాటు ఎవరికీ తెలియలేదు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి దాన్ని కోసి తీసేసిన కోళ్లను, మరో విద్యార్థి తరగతిలో ప్రతిరక్షకాలు చూపించడానికి వాడుకున్నాడు. అవి ప్రతిరక్షకాలను తయారుచేయలేదు. తరగతి ప్రదర్శన చెడింది గాని ప్రతిరక్షక కణాలకు పుట్టినిల్లు దొరికింది. 1956లో ఆ పరిశోధన పౌల్ట్రీ సైన్స్ పత్రికలో అచ్చయింది. గంబోరో తీసే ప్రాణాలకన్నా వదిలేసిన ప్రాణాలే రైతుకు ఎక్కువ నష్టం. బర్సా చెడిన పిల్లకు తర్వాత వేసిన టీకాలు సరిగా అంటవు, చిన్న జబ్బుకూ పడిపోతుంది.

ఇప్పటిదాకా వచ్చినవాటిని ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే చలి, బూజు, విటమిన్ లోపం, రెండు వైరస్‌లు, ఒక ఏకకణ జీవి; బాక్టీరియావి రెండే, వాటిలోనూ పిల్లకు వైద్యం చేసి పెద్దగా లాభం లేదు. యాంటీబయోటిక్‌కు లొంగేవి ఎన్ని? పిల్ల తూగగానే దుకాణంలో ఇచ్చిన పొట్లం నీళ్లలో కలిపేసే అలవాటు ఎందుకు పని చేయదో ఇంతకన్నా వివరించనక్కర్లేదు. ఈ అలవాటు పుట్టుకలో మన భీమవరం మనిషి నీడ కూడా ఉండటం చరిత్ర విచిత్రం. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథిగా ఉన్న లెడర్లీ సంస్థలోనే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ వెలుగు చూసింది. ఆయన పోయాక కొద్దికాలానికే అక్కడి శాస్త్రవేత్తలు ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు వేస్తే వేగంగా పెరుగుతున్నాయని గమనించారు. ప్రపంచమంతా కోళ్ల మేతలో యాంటీబయోటిక్ కలపడం అక్కడినుంచే ఊపందుకుంది. మనుషులకు చివరి ఆసరాగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ను కూడా మేతలో వాడే దాకా వచ్చి, 2019 జులైలో భారత ప్రభుత్వం దాన్ని కోళ్లకూ పశువులకూ చేపలకూ వాడకుండా నిషేధించాల్సి వచ్చింది.

గుర్తులు ఒకదానితో ఒకటి కలిసిపోయి తేల్చుకోలేనప్పుడు కోసి చూడటమే దారి. తూగుతున్న రెండు మూడు పిల్లల్ని ప్రాణంతోనే పశుసంవర్ధక శాఖ ప్రయోగశాలకు తీసుకెళ్తే మరీ మంచిది. చచ్చినవైతే ఆ పూటే, పాలిథీన్ సంచిలో కట్టి, చుట్టూ ఐసు పెట్టి తీసుకెళ్లాలి. ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే కణజాలం చితికిపోయి పరీక్షకు పనికిరాదు. ఏ గుర్తూ లేకుండా ఒక్క రాత్రిలో కుప్పలుగా పోతే మాత్రం కోయకూడదు, చేతులతో ముట్టుకోకూడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో తేలినట్టు అది బర్డ్ ఫ్లూ కావచ్చు. అప్పుడు షెడ్డు తలుపు వేసి, మనుషుల రాకపోకలు ఆపి, పశువైద్యుడికి ఫోను చేయాలి. చచ్చినవాటిని కాలువలో పారేస్తే నీళ్లు వెళ్లే ప్రతి ఊరికీ జబ్బు వెళ్తుంది. లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి, అదీ శాఖవాళ్లు వచ్చి నమూనాలు తీసుకున్నాకే.